పొదల నేల మీదికి నడిచొచ్చిన చెట్లు

అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో నైరుతి మూలన ఒవైహీ కౌంటీ ఉంది. అక్కడి ప్రభుత్వ భూముల్లో 6,17,000 ఎకరాల మేర జునిపర్ చెట్లను కొట్టడానికి 2019లో అనుమతి ఇచ్చారు. కలపకు కాదు, గనులకూ రోడ్లకూ కాదు. ఆ నేలనూ, దాన్ని నమ్ముకుని బతికే ఒక పక్షినీ కాపాడటానికి. మొక్కలు నాటమని గోడల మీద చదువుకుంటూ పెరిగిన మనకు ఇది వెంటనే మింగుడుపడే మాట కాదు. అందుకే ముందు ఆ నేల సంగతి తెలుసుకోవాలి.

సియెరా నెవాడా పర్వతాలకు తూర్పున గ్రేట్ బేసిన్ అనే ఎత్తైన మెట్ట ప్రాంతం మొదలవుతుంది. నెవాడా రాష్ట్రంలో చాలా భాగం, యూటాలో పడమటి సగం, ఒరెగాన్, కాలిఫోర్నియాల్లో కొంత అందులోకి వస్తాయి. ఒవైహీ దాని ఉత్తరపు అంచున ఉంది. వాన తక్కువ. ఏడాది తేమలో ఎక్కువ పాలు చలికాలపు మంచుగానే కురుస్తుంది. ఆ మంచునీటితో బతికే మొక్క సేజ్‌బ్రష్. నడుము ఎత్తు పొద, బూడిద పూసినట్టుండే ఆకుపచ్చ, ఆకు కొసన మూడు నొక్కులు. నలిపితే ఘాటైన వాసన. మన దవనం, వినాయక చవితి పత్రిలోని మాచిపత్రి, ఈ సేజ్‌బ్రష్ మూడూ ఆర్టెమీసియా అనే ఒకే ప్రజాతికి చెందిన మొక్కలు. పొదల మధ్య కుదుళ్లుగా పెరిగే గడ్డి, వసంతంలో పూల మొక్కలు ఉంటాయి. పైపైన చూస్తే మాత్రం ఖాళీ నేలే. మన ప్రభుత్వ లెక్కల్లో ఎన్నో గడ్డి నేలలు బంజర్లుగా నమోదైనట్టే, ఈ నేలనూ చాలాకాలం పనికిరానిదిగానే చూశారు.

సేజ్‌గ్రౌస్ అనే కోడి జాతి పక్షికి ఈ పొదే ఇల్లు, పొదే తిండి. చలికాలమంతా అది తినేది దాదాపు సేజ్‌బ్రష్ ఆకులే. గూడు పెట్టేదీ ఆ పొద మొదట్లోనే. వసంతంలో తెల్లవారుజామున మగపక్షులు తరతరాలుగా వస్తున్న ఒకే మైదానానికి చేరి, తోకలు విసనకర్రల్లా విప్పి, ఛాతీ మీది పసుపుపచ్చ గాలితిత్తులు ఉబ్బించి ఆడతాయి. ఆడపక్షులు చూసి ఎంచుకుంటాయి. ఆ ఆటస్థలం నలువైపులా తెరపిగా ఉండాలి. చెట్టు మొలిచిందంటే దాని మీద డేగ వాలుతుంది, గుడ్లు ఎత్తుకుపోయే రావెన్ కాకి వాలుతుంది. ఒరెగాన్‌లో చేసిన పరిశోధన ఒకటి 2013లో వెలువడింది. చెట్ల నీడ 4 శాతం దాటిన చోట ఒక్క ఆటస్థలం కూడా మిగల్లేదని అందులో తేలింది. నూరు గజాల నేల మీద నాలుగు గజాల నీడ. మనమైతే దాన్ని అడవి అనం, చెట్లున్నాయని కూడా గమనించం. ఆ పక్షికి అంతే చాలు, ఊరు విడిచి వెళ్లడానికి. 1965 నుంచి సేజ్‌గ్రౌస్ సంఖ్య 80 శాతం పడిపోయిందని అమెరికా భూగర్భ సర్వే సంస్థ శాస్త్రజ్ఞులు 2021లో లెక్క తేల్చారు. ఆ నష్టానికి చెట్లు ఒక్కటే కారణం కాదు. సాగు, తవ్వకాలు, కార్చిచ్చులు అన్నీ ఉన్నాయి.

జునిపర్, పిన్యన్ పైన్ బయటినుంచి వచ్చిన చెట్లు కావు. వేల ఏళ్లుగా అక్కడివే. కాకపోతే వాటి చోటు రాతి గుట్టల మీద. గడ్డి పలచగా ఉండే ఆ రాళ్లలోకి మంట పాకలేదు కాబట్టి అక్కడ వందల ఏళ్లు బతికేవి. కింద, మట్టి లోతుగా ఉన్న చోట అప్పుడప్పుడూ మంట వచ్చేది, మొలిచిన పిల్ల చెట్లు మాడిపోయేవి. 1860ల తర్వాత వలస వచ్చినవాళ్ల పశువులు, గొర్రెలు గడ్డిని మొదలంటా మేసేశాయి. మంటను మోసుకెళ్లే గడ్డే లేకపోయాక మంట ఆగిపోయింది. ఆ తర్వాత కనిపించిన ప్రతి మంటనూ ఆర్పడం ప్రభుత్వ విధానమైంది. పైగా ఆ శతాబ్దం చివర కొన్ని దశాబ్దాలు వాతావరణం తేమగా ఉండి మొలకలకు కలిసొచ్చింది. చెట్లు గుట్టలు దిగి మైదానంలోకి వచ్చాయి.

కొత్తగా వచ్చినట్టు కనిపించే ప్రతి చెట్టూ చొరబాటుదారు కాదు, ఇది కూడా చెప్పుకోవాలి. 1870ల్లో నెవాడాలోని యురేకా పట్టణం చుట్టూ, వెండి, సీసం కరిగించే కొలుములకు బొగ్గు కావాలని కొండలన్నీ బోడి చేశారు. అలాంటి చోట్ల ఇప్పుడు పెరుగుతున్నది పాత అడవే, పోయిన చోటికి తిరిగొస్తోంది. ఏ కొండ చరిత్ర ఏమిటో చూడకుండా రంపం పట్టుకెళ్లడం తప్పు.

పొదల నేల చెట్ల చేతికి పోవడాన్ని శాస్త్రజ్ఞులు మూడు దశలుగా చెబుతారు. మొదటి దశలో అక్కడక్కడ చెట్లు, పెత్తనం పొదలదీ గడ్డిదీ. రెండో దశలో సగం సగం. మూడో దశలో అంతా చెట్లే. జునిపర్ ఆకు రాల్చదు. నేల మెత్తబడిన తొలి రోజుల నుంచే, పొదలూ గడ్డీ ఇంకా పూర్తిగా మేల్కోకముందే వేళ్లతో నీళ్లు తాగడం మొదలెడుతుంది. కొమ్మల మీద పడిన మంచులో కొంత నేల చేరకుండానే ఆవిరైపోతుంది. ముందు పొదలు ఎండుతాయి, తర్వాత గడ్డి పలచబడుతుంది. చివరికి చెట్టుకూ చెట్టుకూ మధ్య ఉత్త మట్టి మిగిలి, వాన పడితే కొట్టుకుపోతుంది.

కార్చిచ్చు కథ ఇక్కడే మలుపు తిరుగుతుంది. మూడో దశకు చేరిన తోపు మామూలు రోజుల్లో తేలిగ్గా అంటుకోదు, కింద పాకడానికి గడ్డి లేదు. కానీ ఎండ మండిపోతూ గాలి హోరెత్తే రోజున ఒక్క నిప్పురవ్వ చాలు, మంట నేల మీద పాకడం మాని తల నుంచి తలకు దూకుతుంది. దగ్గరికి వెళ్లి ఆర్పడం మనుషుల వల్ల కాదు. ఆ వేడికి మట్టిలో మిగిలిన కాసిని గడ్డి కుదుళ్లు, విత్తనాలు మాడిపోతాయి. ఇక్కడి ప్రధాన సేజ్‌బ్రష్ జాతి కాలిందంటే మొదలు నుంచి మళ్లీ చిగురించదు. దాని విత్తనాలు తల్లి పొదకు కొద్ది గజాల దూరంలోనే రాలతాయి, మట్టిలో ఎక్కువ ఏళ్లు నిలవవు.

ఖాళీ అయిన నేలలోకి వచ్చేది చీట్‌గ్రాస్. ఐరోపా, ఆసియాల నుంచి 19వ శతాబ్దం చివర అక్కడికి చేరిన గడ్డి ఇది. శరదృతువులోనే మొలిచి, వేసవి మొదట్లోనే ఎండి, అగ్గిపుల్లకు సిద్ధంగా నిలబడుతుంది. కొన్నేళ్లకోసారి కాలుతుంది, కాలిన ప్రతిసారీ ఇంకాస్త చోటు ఆక్రమిస్తుంది. ఒకసారి నేల దాని పాలయ్యాక వెనక్కి తెచ్చుకోవడం దాదాపు అసాధ్యం.

అందుకే నా ఉద్దేశంలో ఈ చెట్లు కొట్టే పనికి ప్రాణం సమయం. మొదటి దశలో ఇద్దరు మనుషులు మోటారు రంపాలతో రోజంతా నడుస్తూ చెట్లు కొట్టుకుంటూ పోవచ్చు. కొట్టిన చెట్టును అక్కడే వదిలి, కొమ్మలు నరికి నేలకు ఆనేలా చెదరగొడతారు. కుప్పగా వదిలితే, మంట వచ్చినప్పుడు ఆ కుప్ప కింది మట్టి కాలిపోతుంది. మాను ముదిరి చెట్లు దట్టమైతే యంత్రాలు దింపాలి; పళ్లున్న ఇనప డోలు గిర్రున తిరుగుతూ నిలబడ్డ చెట్టునే నిమిషాల్లో పొట్టు చేసేస్తుంది. మూడో దశలో ఖర్చు విపరీతం, చీట్‌గ్రాస్ భయం అంతకంటే ఎక్కువ, విత్తనాలు కూడా చల్లాలి. 1950లు, 60ల్లో ఇంకో పద్ధతి ఉండేది. రెండు బుల్‌డోజర్ల మధ్య ఓడ లంగరు గొలుసు కట్టి లాగుతూ, దారిలో ఉన్న చెట్టూ చేమా పెకలించి, పశువుల మేత కోసం పరదేశపు గడ్డి చల్లేవారు. చెట్లు కొడతామని ప్రభుత్వం అనగానే ఇవాళ్టికీ కొందరికి ఆ గొలుసే గుర్తొస్తుంది. వాళ్ల అనుమానం న్యాయమైనదే.

చెట్లు కొడితే మంటలే రావని ఎవరైనా అంటే నమ్మవద్దు. కొట్టినంత మాత్రాన ఇంధనం మాయం కాదు, పైనున్నది కిందికి దిగుతుంది. ఎండి ఎర్రబడిన ఆకులు కొమ్మల మీదే ఉండే మొదటి రెండు మూడేళ్లు ప్రమాదం పెరుగుతుంది కూడా. చెట్టు తాగే నీళ్లు మిగిలి గడ్డి ఒత్తుగా వస్తుంది, గడ్డి కూడా కాలుతుంది. తేడా ఒక్కటే: అప్పుడు వచ్చే మంట నేలబారుగా వస్తుంది, మనుషులు ఎదురు నిలవగలిగేలా. స్థానిక గడ్డి వేరు బతికి మళ్లీ మొలుస్తుంది. అయితే ఆ గడ్డి ముందే పలచబడిపోయిన వేడి, పొడి నేలల్లో చెట్లు తీసేస్తే ఖాళీని చీట్‌గ్రాసే అందుకుంటుంది. ఆరు రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి సాగిన సేజ్‌స్టెప్ పరిశోధన పదేపదే చూపించింది ఇదే.

సరైన చోట చేసిన పనికి ఫలితం కనబడుతోంది. దక్షిణ ఒరెగాన్‌లోని వార్నర్ పర్వతాల దగ్గర చెట్లు తీసిన ప్రాంతంలో సేజ్‌గ్రౌస్ వృద్ధి రేటు, తీయని ప్రాంతంతో పోలిస్తే 12 శాతం మెరుగ్గా ఉందని తేలింది. ఆడపక్షులు అక్కడికి తిరిగొచ్చి గూళ్లు పెట్టాయి. ఐడహోలో చేసిన మరో అధ్యయనం ప్రకారం, జునిపర్ నిండిన నేల కంటే పొదల నేల నుంచి మంచునీరు సగటున 9 రోజులు ఆలస్యంగా వాగుల్లోకి చేరుతుంది. పొదల వెనక మంచు గాలికి మేటలు వేసి నెమ్మదిగా కరగడమే కారణం. ఎండాకాలంలో వాగు నీటి మీద బతికే రైతుకు ఆ తొమ్మిది రోజులు చిన్న విషయం కాదు.

అవతల ఇంకో పక్షి ఉంది. పిన్యన్ జే అనే నీలి పిట్ట పిన్యన్ గింజలు దాచుకుని తింటూ బతుకుతుంది. అదీ వేగంగా తగ్గిపోతోంది. షోషోనీ, పాయూట్, వాషో తెగలకు ఆ గింజలు తరతరాల తిండి, ఏటా అందరూ కలిసి చేసుకునే కోత. ఒక పక్షి కోసం ఇంకో పక్షి ఇంటిని కూల్చకూడదు. కాబట్టి ఎక్కడ కొట్టాలన్నది పటం మీద గీతలు గీసి తేలే పని కాదు, కొండ కొండకూ వెళ్లి చూసుకోవాలి. ముసలి చెట్లను వదిలేస్తారు. శంఖంలా కొస తేలి ఉంటే కుర్ర చెట్టు. తల గుండ్రంగా, బెరడు లోతైన పగుళ్లతో, కొమ్మలు మెలికలు తిరిగి ఉంటే వందల ఏళ్లది. పశ్చిమ జునిపర్లలో వెయ్యేళ్లు దాటినవి ఉన్నాయి.

కొట్టడంలో కూడా ఒడుపు కావాలి. జునిపర్ మోడు మామూలుగా చిగురించదు, కానీ కోత కింద ఒక్క పచ్చి కొమ్మ మిగిలినా అదే చెట్టై లేస్తుంది. అందుకే మోటారు రంపాన్ని మట్టికి బాగా దగ్గరగా పట్టి, అన్నిటికంటే కింది కొమ్మ కూడా తెగేలా కోస్తారు. అయినా మట్టిలో విత్తనాలు ఉంటాయి, జునిపర్ కాయలు తిన్న పక్షులు కొత్తవి తెచ్చి వేస్తూనే ఉంటాయి. ఒకప్పుడు మంట చేసిన పని కాబట్టి, కొన్ని దశాబ్దాలకోసారి మనుషులు అదే గుట్ట వాలుకు మళ్లీ వెళ్లి, మోకాలెత్తు మొక్కలుగా ఉన్నప్పుడే వాటిని తీసేయాల్సి ఉంటుంది.