మూటలో ఉన్నది ఆకా, పూతా?
గంజాయి కేసుల్లో శిక్షను తేల్చేది తూకమే

రామంతాపూర్: కేంద్ర హోంశాఖ ఆధ్వర్యంలోని ఫోరెన్సిక్ ప్రయోగశాల ఉన్నది రామంతాపూర్‌లోనే. మత్తు పదార్థాల కేసుల్లో పట్టుబడిన సరుకు నమూనాలు సీలు వేసిన కవర్లలో ఇలాంటి ప్రయోగశాలలకు చేరతాయి. రాష్ట్ర పోలీసుల నమూనాలను పరీక్షించేందుకు రెడ్‌హిల్స్‌లో రాష్ట్ర ప్రయోగశాల ఉంది. ఎక్కడ పరీక్షించినా నిపుణుడు ప్రధానంగా తేల్చేది ఒక్కటే: అది గంజాయి అవునా, కాదా? నిందితుడు ఎన్నేళ్లు జైల్లో ఉండాలన్నది మాత్రం మూట బరువును బట్టి ఉంటుంది. చిక్కంతా అక్కడే ఉంది.

1985 నవంబరు 14 నుంచి అమలులోకి వచ్చిన మాదకద్రవ్యాల చట్టం ప్రకారం మొక్క మొత్తం గంజాయి కాదు. పూత, కాయ పట్టిన కొనలే గంజాయి. కొనలు లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. భంగుగా వాడే ఆకు సంగతి రాష్ట్రాల ఎక్సైజు చట్టాలకు మిగిలింది.

కిలోకు ఒక శిక్ష, ఇరవై కిలోలకు మరొకటి

2001 నాటి నోటిఫికేషన్ ప్రకారం కిలో వరకు ‘స్వల్ప పరిమాణం’. దానికి ఏడాది వరకు జైలు. 20 కిలోలు మించితే ‘వాణిజ్య పరిమాణం’. శిక్ష పదేళ్లకు తగ్గదు, ఇరవై ఏళ్ల దాకా పడవచ్చు. జరిమానా లక్ష నుంచి రెండు లక్షల రూపాయలు. బెయిలు దొరకడమూ దుర్లభమే. నిందితుడు నేరం చేయలేదని నమ్మేందుకు తగిన కారణాలు ఉన్నాయని కోర్టు ముందుగానే తృప్తి చెందాలి.

మొక్కలను కాడ, ఆకు, పూత అని వేరు చేయకుండా కలిపి తూచారనుకుందాం. 22 కిలోలు తూగిన మూటలో పూత కొనలు 12 కిలోలే ఉండవచ్చు. అప్పుడు పదేళ్లు గరిష్ఠ శిక్షా, కనీస శిక్షా అన్నదే తారుమారవుతుంది. ప్రయోగశాలకు వెళ్లేది 24 గ్రాముల నమూనా. మూట మొత్తంలో కొనలెన్ని, కాడలెన్ని అన్నది ఆ చిటికెడు నమూనా చెప్పలేదు. పంచనామాలో రాయకపోతే ఆ లెక్క ఎవరి దగ్గరా ఉండదు. ఈ వాదన మీద కోర్టుల్లో బెయిళ్లు వచ్చిన కేసులూ ఉన్నాయి, నిలవని కేసులూ ఉన్నాయి. వకీలును పెట్టుకోగలిగినవాడు వాదిస్తాడు. కూలికి మూట మోసినవాడు రిమాండులో ఉండిపోతాడు.

మత్తు ఎంత అన్న ప్రశ్నే లేదు

సారాయిలో ఘాటు ఎంతో కొలుస్తారు. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ ఎంత అని చట్టం అడగదు. నాసిరకం కిలో, ఘాటైన కిలో తూకంలో ఒకటే. అదే రామంతాపూర్‌లో ఉన్న ప్రభుత్వ హోమియో వైద్య కళాశాల విద్యార్థులు ఈ మొక్కనే ‘కన్నాబిస్ ఇండికా’ పేరుతో మందుగా చదువుకుంటారు. ఆయుర్వేదంలో దీని పేరు విజయ. చట్టంలోనూ దారులు పూర్తిగా మూసుకుపోలేదు. పదో సెక్షన్ కింద సాగును అనుమతించి నియంత్రించే అధికారం రాష్ట్రాలకు ఉంది. నార, గింజల కోసం పండించే జనుము జాతి గంజాయికి పద్నాలుగో సెక్షన్ వీలు కల్పిస్తోంది. 2018లో ఉత్తరాఖండ్ ఆ బాటన లైసెన్సు ఇచ్చింది.

2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ గంజాయిని అత్యంత ప్రమాదకర పదార్థాల పట్టిక నుంచి తొలగించింది. అనుకూలంగా 27 ఓట్లు, వ్యతిరేకంగా 25 వచ్చాయి. భారతదేశం అనుకూలంగా ఓటు వేసింది. అయినా దేశంలోని చట్టం మారలేదు. మొదటి పట్టికలో గంజాయి యథాతథంగా ఉంది.

గంజాయిని వదిలేయాలన్నది ఇక్కడ ప్రశ్న కాదు. పసివయసులో అలవాటైతే మతి చలించే ప్రమాదం ఉందని వైద్యులు హెచ్చరిస్తూనే ఉన్నారు. మన్యం నుంచి నగరానికి సరుకు తరలించే ముఠాల మీద కఠినంగా ఉండవలసిందే. అయితే కొనలను వేరు చేసి తూచి పంచనామాలో రాయడం, ఘాటును పరీక్షలో చేర్చడం, మోతగాడికీ వ్యాపారికీ తేడా చూడడం కష్టమైన పనులేమీ కావు. మొదటిదానికి చట్టం మార్చనక్కరలేదు. మిగతా రెండూ పార్లమెంటు చేయవలసినవి. పదేళ్ల జైలును తేల్చే త్రాసులో ఏం పెట్టి తూచారన్నది ముందుగా స్పష్టం కావాలి.