మా నాలుగు కుక్కలు – వాటికి మాట నేర్పడం

ఈ నెల నేను కుక్కల గురించి రాస్తున్నాను. కుక్క గురించి తెలియనిది ఏముంది అంటారేమో. మన అందరి ఇళ్లలో కుక్కలు ఉన్నాయి. కాని చాలామంది కర్రతోనే నేర్పుతారు. కర్ర లేకుండా కుక్క ఎలా నేర్చుకుంటుందో నేను చూసింది, చదివింది రాస్తాను.

మా ఇంటి కుక్కలు

మాది అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు వైపు కొండ మీద ఊరు. ఇంట్లో మేము కువి మాట్లాడతాం. మాకు నాలుగు కుక్కలు. కర్రోడు ముసలిది, నల్లగా ఉంటుంది. చుక్క ఆడకుక్క, దాని నుదుటి మీద తెల్లచుక్క ఉంది. బుల్లి దాని పిల్ల. నాలుగోది పులి. దాన్ని మామయ్య వేరే ఊరి నుంచి తెచ్చి ఇచ్చాడు. అప్పటికే దానికి ఏడాది వయసు.

పొద్దున్న అమ్మ చోడి అంబలి కాస్తుంటే నాలుగూ గుమ్మం దగ్గరికి వచ్చేస్తాయి. తర్వాత రెండు నాన్నతో పొలానికి పోతాయి, రెండు ఇంటి దగ్గర ఉంటాయి. చోళ్లు, రాజ్‌మా పండే రోజుల్లో నాన్న రాత్రి మంచె మీదే పడుకుంటాడు. అడివిపంది వస్తే మనిషి కంటే ముందు కర్రోడికి తెలుస్తుంది. దాని ముక్కు మన ముక్కు కంటే చాలా రెట్లు ఎక్కువ వాసన పడుతుంది. కుక్కలు మొరిగి పందిని తోలేస్తాయి, అంతే. వేటకి ఉసిగొల్పకూడదు. 1972 చట్టం ప్రకారం అడవి జంతువుల వేట నేరం.

కుక్కకి మాట ఎలా తెలుస్తుంది?

మా ఇంట్లో కుక్కని ఆపాలంటే నాన్న కువిలో ఒక మాట అనేవాడు. అమ్మ తెలుగులో "ఉండు" అనేది. తమ్ముడు బడిలో నేర్చుకుని "స్టాప్" అని అరిచేవాడు. కుక్క మాత్రం ముగ్గురి మొహాలు చూసేది. అందరూ దానికి బుద్ధి లేదు అనేవారు. తాత ఒక్కడే అలా అనలేదు. "కుక్కకి మాట అర్థం తెలియదమ్మా. ఏ చప్పుడు తర్వాత ఏం జరిగిందో అదే గుర్తు పెట్టుకుంటాది" అన్నాడు.

నాకు తాత మాట బాగా తెలిసింది. మూడో తరగతిలో నేను హాస్టల్‌కి వచ్చినప్పుడు నాకు తెలుగు రాదు. టీచరుగారు ఏం చెప్పారో తెలిసేది కాదు. ఆమె చెయ్యి ఎత్తితే లేచేదాన్ని, దించితే కూర్చునేదాన్ని. నాకూ బుద్ధి లేక కాదు కదా.

మన లైబ్రరీ పుస్తకంలో కూడా ఈ సంగతి ఉంది. పావ్‌లోవ్ అనే రష్యా శాస్త్రవేత్త కుక్కల జీర్ణక్రియ గురించి పరిశోధన చేశారు. దానికి 1904లో నోబెల్ బహుమతి వచ్చింది. తిండి పెట్టే మనిషి అడుగుల చప్పుడు వినగానే, తిండి కనబడకుండానే కుక్కల నోట్లో నీళ్లు ఊరడం ఆయన గమనించారు. మనకి మధ్యాహ్నం గంట వినగానే ఆకలి వేయదా? అదీ ఇలాంటిదే.

ఇంట్లో అందరం కూర్చుని ఒక్కో పనికి ఒక్కో మాట పెట్టుకున్నాం. పిలవాలంటే "దా". ఆపాలంటే "ఆగు". వదిలేయాలంటే "ఒద్దు". ఎవరు అన్నా అదే మాట. చెప్పినట్టు చేసిన వెంటనే ఎండుచేప ముక్కో, చోడి ముద్ద ముక్కో పెట్టాలి. ఆలస్యంగా పెడితే దేనికి పెట్టామో దానికి తెలియదు.

నాలుగింటికీ ఒకేసారి నేర్పితే కుదరదు. ముక్క కోసం కొట్టుకుంటాయి. అందుకని మూడింటిని కట్టేసి ఒక్కదానికి నేర్పాలి. ఒక్కొక్కదానికి కాసేపు చాలు. తర్వాత రెండేసి కలపాలి.

కొడితే ఏమవుతుంది?

కుక్క పారిపోయి చాలాసేపటికి తిరిగి వస్తుంది. మనకి కోపం వచ్చి కొడతాం. పారిపోయినందుకు కొట్టామని మనం అనుకుంటాం. కాని అది చివరగా చేసింది మన దగ్గరికి రావడం. వస్తే దెబ్బ పడుతుంది అని నేర్చుకుంటుంది. ఇంకోసారి పిలిస్తే రాదు. ఎక్కువ దెబ్బలు తిన్న కుక్క భయంతో కరుస్తుంది కూడా.

పులి – మేకలు

పులికి మేకలు కనబడితే చాలు, తరిమేది. పోయిన దసరా సెలవుల ముందు ఊళ్లో ఒక పెద్దమ్మ మేకపిల్ల కాలు కొరికింది. నాన్న డబ్బు కట్టాడు. "ఇంకోసారి వస్తే మందు పెట్టి చంపేస్తాను" అని పెద్దమ్మ గట్టిగా చెప్పింది. ఆమెది తప్పని అనలేము. ఆమెకి బతుకు ఆ మేకలే. ఎవరికైనా ఇచ్చేద్దాం అన్నాడు నాన్న. సెలవులు అయ్యేదాకా ఆగమని నేను, తాత అడిగాం.

బుల్లి మేకల్ని ఎందుకు తరమదు? అది మేకల పాక పక్కనే పుట్టింది. కుక్కపిల్ల మూడు వారాల వయసు నుంచి మూడు నెలల లోపు దేన్ని మంచిగా చూస్తుందో దానికి బాగా అలవాటు పడుతుంది. పులి ఆ వయసులో మేకల్ని చూడలేదు. పెద్దయ్యాక నేర్పాలంటే ఓపిక కావాలి.

మేము చేసింది ఇది. పులికి పొడుగు తాడు కట్టి మేకలు మేసే చోటికి చాలా దూరంలో నిలబడ్డాం. అది మేకల్ని చూడగానే "ఒద్దు" అనేదాన్ని. తల తిప్పి నా వైపు చూస్తే వెంటనే ఎండుచేప. మొదటిరోజు తాడు లాగి లాగి నా అరచేతులు కమిలిపోయాయి. అది రెండుసార్లే నా వైపు చూసింది. రోజూ కొంచెం దగ్గరికి జరిగాం. అది లాగితే మళ్లీ వెనక్కి పోయేవాళ్లం. సెలవులు అయ్యేసరికి పది అడుగుల దూరంలో మేకలు మేస్తుంటే కూర్చుని నా మొహం చూసేది. పెద్దమ్మ కూడా వచ్చి చూసింది. ఏమీ అనలేదు, కాని మందు మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ పని తమ్ముడు చేస్తున్నాడు. మేకలు ఉన్నచోట తాడు ఇంకా విప్పడం లేదు. తాడు విప్పడానికి తొందర పడకూడదు.

కరిస్తే ఏం చేయాలి?

ఇది అందరూ తప్పక చదవాలి. రేబిస్ జబ్బు ఉన్న కుక్క కరిస్తే, జబ్బు లక్షణాలు బయటపడ్డాక మనిషి దాదాపుగా బతకడు. కాని వెంటనే టీకా వేయిస్తే జబ్బు రాకుండా ఆపవచ్చు. మన ఊళ్లలో ఆకు పసరు, కారం, సున్నం పెడతారు. వాటితో రేబిస్ ఆగదు. ఇలా చేయాలి:

1. గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి.
2. గాయానికి ఏదీ పూయకుండా అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాలి. చిన్న గీత అయినా, పెంపుడు కుక్క అయినా చూపించాలి. గాయం లోతుగా ఉంటే టీకాతో పాటు గాయం దగ్గర ఇంకో మందు కూడా వేస్తారు.
3. డాక్టరుగారు చెప్పిన అన్ని రోజులూ సూది వేయించుకోవాలి. కండకి వేసే టీకా అయితే 0, 3, 7, 14, 28 రోజుల్లో వేస్తారు. 0 అంటే మొదటి సూది రోజు. బొడ్డు చుట్టూ వేసే సూదులు ఇప్పుడు లేవు. భయపడక్కర్లేదు.

కుక్కలకి కూడా మూడు నెలల వయసులో టీకా వేయించి, తర్వాత ఏటా వేయించాలి. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ కుక్క కరిచిన 9 ఏళ్ల పిల్లవాడికి మొదటిసారి రేబిస్ టీకా ఇప్పించారు. ఆ పిల్లవాడు బతికాడు. ఆ రోజు గుర్తుగా జూలై 6న చాలా చోట్ల పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకి ఉచితంగా టీకాలు వేస్తారు. ఆ రోజు మనం హాస్టల్లో ఉంటాం కాబట్టి ముందే ఇంటికి ఫోన్ చేసి చెప్పండి. మా నాలుగింటినీ తాళ్లతో కట్టి నాన్న, తమ్ముడు నడిపించుకుని పోతారు.

– 9వ తరగతి విద్యార్థిని