ఆటోమేటిక్ కారు గేర్ ఆయిల్ ఇంట్లో మార్చుకోవచ్చా? ముందు ఇవి తెలుసుకోండి

మెహదీపట్నం నుంచి హైటెక్ సిటీ దాకా రోజూ క్లచ్ తొక్కి మోకాళ్లు నొప్పి పుట్టిన వాళ్లు ఇప్పుడు ఆటోమేటిక్ కార్ల వైపు చూస్తున్నారు. కొత్తది కొనే స్తోమత లేక సెకండ్ హ్యాండ్‌లో తీసుకునే కుటుంబాలూ ఉన్నాయి. ఇంజిన్ ఆయిల్ టైముకు మార్పిస్తారు. గేర్‌బాక్స్ ఆయిల్ గురించి అడిగితే మాత్రం 'అది లైఫ్‌టైమ్ ఆయిల్ భాయ్, ముట్టుకోనక్కర్లేదు' అనే జవాబు వస్తుంది. ఆ మాట నమ్మి లక్షన్నర కిలోమీటర్లు తిప్పాక, ఓ రోజు డిలో పెట్టినా బండి కదలదు. అప్పుడు రిపేరు బిల్లు లక్ష దాటినా ఆశ్చర్యం లేదు.

'లైఫ్‌టైమ్' అంటే ఎంతకాలం?

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ చేసే పని నునుపు చేయడం ఒక్కటే కాదు. ఇంజిన్ శక్తిని గేర్లకు అందించేది, లోపలి క్లచ్‌లను ప్రెషర్‌తో నొక్కేది, వేడిని బయటికి మోసుకుపోయేది కూడా ఆ ఆయిలే. వేడికి అది పాడవుతుంది, క్లచ్‌ల పొడి అందులో కలుస్తుంది. బీఎండబ్ల్యూ లాంటి కార్లకు గేర్‌బాక్స్‌లు తయారుచేసే జర్మనీ కంపెనీ జెడ్‌ఎఫ్ కూడా 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకోసారి మార్చమనే చెబుతోంది.

మీ కారుకు ఎప్పుడు మార్చాలో ఓనర్స్ మాన్యువల్‌లో చూడండి. విపరీతమైన ఎండ, ఆగి ఆగి కదిలే ట్రాఫిక్ ఉంటే ఇంకా ముందే మార్చాలని చాలా మాన్యువళ్లలో వేరే పట్టిక ఉంటుంది. హైదరాబాద్, విజయవాడ బండ్లకు ఆ పట్టికే వర్తిస్తుంది. రియాద్, జెద్దా, దుబాయ్‌లో బండి నడిపే మనవాళ్లకైతే మరీను.

మీది ఏ రకం గేర్‌బాక్స్?

క్లచ్ పెడల్ లేనంత మాత్రాన అన్నీ ఒకటే కాదు. 2014లో మారుతి సెలెరియోతో మన దగ్గరికి వచ్చిన ఏఎంటీలో లోపల ఉండేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. దానికి ఆటోమేటిక్ ఆయిల్ పోయకూడదు. రెండు క్లచ్‌లుండే డీసీటీ, డీఎస్‌జీ రకాలను వర్క్‌షాప్‌కే వదిలేయండి. సీవీటీకి దాని సొంత ఆయిలే పోయాలి. ఇంట్లో చేసుకోవడానికి వీలైనది డిప్‌స్టిక్ ఉన్న టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్స్. ఇక్కడ చెప్పేది దాని గురించే.

డిప్‌స్టిక్ లేని బండ్లలో ఆయిల్ నిర్ణీత టెంపరేచర్‌కు వచ్చినప్పుడు, బండి నాలుగు వైపులా సమంగా ఉండగా, అడుగున ఒక బోల్టు తీసి లెవెల్ చూడాలి. స్కానర్, లిఫ్ట్ లేకుండా అది కుదిరే పని కాదు.

ముందు ఆయిల్‌ను పరీక్షించండి

డిప్‌స్టిక్ తీసి తెల్ల కాగితం మీద ఒక చుక్క వేయండి. చాలా కొత్త ఆయిళ్లు ఎర్రగా ఉంటాయి. కాస్త గోధుమ రంగుకు తిరిగితే మార్చే టైమైందని అర్థం. నల్లగా మారి మాడు వాసన వస్తే లోపల క్లచ్‌లు కాలుతున్నట్టే. గేరు జారడం, గట్టిగా కుదుపు రావడం మొదలైతే ఆయిల్ మార్చినంత మాత్రాన నయం కాదు, ముందు మెకానిక్‌కు చూపించండి.

పాలు కలిసినట్టు గులాబీ రంగులో ఉంటే నీళ్లు లేదా కూలెంట్ చేరినట్టే. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లోనూ, 2024 సెప్టెంబర్‌లో విజయవాడలోనూ వరదల్లో ఎన్నో కార్లు మునిగాయి. సెకండ్ హ్యాండ్ కారు కొనేముందు ఈ ఒక్క చుక్క చూసుకుంటే పెద్ద నష్టం తప్పొచ్చు.

ఎలా మార్చాలి?

1. మాన్యువల్‌లో రాసిన ఆయిలే కొనండి. టయోటాకు డబ్ల్యూఎస్ అని ఉంటే అదే, హ్యుందాయ్‌కి ఎస్పీ-4 అని ఉంటే అదే. 'అన్నిటికీ పనికొస్తుంది' అన్న డబ్బా చవకగా వచ్చినా వద్దు. డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ కూడా తెచ్చుకోండి.

2. బండిని పదిహేను నిమిషాలు నడిపి, అరగంట చల్లారనివ్వండి. గోరువెచ్చగా ఉంటే ఆయిల్ సులువుగా దిగుతుంది. వేడివేడిగా తీస్తే చెయ్యి కాలుతుంది.

3. సమంగా ఉన్న నేల మీదే పెట్టండి, అపార్ట్‌మెంట్ ర్యాంపు మీద వద్దు. చక్రాలకు అడ్డు పెట్టండి. ఒక్క జాకీని నమ్మి బండి కిందికి దూరకండి. నాలుగు వైపులా జాక్ స్టాండ్లు పెట్టాకే వెళ్లండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

4. ఆయిల్ పోసే దారి తెరుచుకుంటుందో లేదో ముందే చూసుకోండి. ఆ తర్వాతే కింది బోల్టు విప్పండి. లేకపోతే ఉన్న ఆయిలంతా పోయి, కొత్తది పోసే దారి లేక బండి అక్కడే ఆగుతుంది.

5. దిగిన ఆయిల్‌ను కొలవండి. బోల్టుకు అయస్కాంతం ఉంటే దాని మీద సన్నటి బూడిదరంగు ముద్ద ఉండడం మామూలే. ఇనుప ముక్కలు కనిపిస్తే ప్రమాదం, అక్కడితో ఆపి మెకానిక్‌ను పిలవండి.

6. కొత్త వాషర్‌తో బోల్టు బిగించి, సన్నటి గరాటుతో, ఎంత దిగిందో అంతే పోయండి.

7. జాక్ స్టాండ్లు తీసి బండిని నేల మీదికి దించండి. స్టార్ట్ చేసి బ్రేక్ తొక్కిపట్టి పి, ఆర్, ఎన్, డి లలో ఒక్కోదాంట్లో కొన్ని సెకన్లు ఉంచండి. బండి వేడెక్కాక లెవెల్ చూడండి. కొన్ని కార్లకు ఇంజిన్ నడుస్తుండగా, కొన్నిటికి ఆపిన వెంటనే చూడాలి. ఏదో మాన్యువల్ చెబుతుంది. తక్కువైతే గేరు జారుతుంది, ఎక్కువైతే ఆయిల్ నురగ కడుతుంది. రెండూ చెరుపే.

ఒక్కసారితో మొత్తం మారదు

ఆయిల్‌లో చాలా భాగం టార్క్ కన్వర్టర్‌లోనే మిగిలిపోతుంది. ఉదాహరణకు మొత్తం 6 లీటర్లలో 3 దిగితే, మారింది సగమే. కొన్ని వందల కిలోమీటర్లు నడిపి మళ్లీ అలాగే మారిస్తే ముప్పావు వంతు, మూడోసారికి దాదాపు 87 శాతం కొత్తదవుతుంది. పాత బండికి ప్రెషర్ మెషీన్‌తో ఒకేసారి ఫ్లష్ చేయించడం కంటే ఇలా దఫదఫాలుగా మార్చడం నయం. అడుగు పాన్ విప్పి ఫిల్టర్ మార్చే పని మాత్రం, మొదటిసారైతే, తెలిసిన మెకానిక్ పక్కన ఉండగా చేయండి.

తీసిన ఆయిల్‌ను మోరీలో పోయకండి. 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థాల కిందికి వస్తుంది. మూత ఉన్న డబ్బాలో పోసి, పాత ఆయిల్ తీసుకునే గ్యారేజీకి ఇచ్చేయండి.

బండి ఇంకా వారంటీలో ఉంటే కంపెనీ సర్వీస్‌లోనే చేయించి బిల్లు దాచుకోండి. బయట చేయించేవాళ్లు కూడా సీలు విప్పని డబ్బా తెప్పించి, దగ్గర నిలబడి పోయించండి. మార్చిన తేదీ, కిలోమీటర్లు ఒక కాగితం మీద రాసి డాష్‌బోర్డులో పెట్టండి. రేపు బండి అమ్మేటప్పుడు, కొనేవాళ్లకు ఆ కాగితం మీ మాట కంటే ఎక్కువ నమ్మకం ఇస్తుంది.