పెట్టె మనది, తాళంచెవి ఎవరిది?

మన సంఘాలలో పాటకు హార్మోనియం, డోలక్, కంచు తాళాలు ఎన్నో ఏండ్లుగా తోడుగా ఉన్నాయి. ఇప్పుడు వాటి ప్రక్కకు గిటారు కూడ వచ్చింది. పార్వతీపురం మన్యం జిల్లాలో గుమ్మలక్ష్మీపురం వంటి కొండ ప్రాంతాలలో సైతం యౌవనస్థులు ఫోనులో పాఠాలు చూచి గిటారు నేర్చుకొంటున్నారు. ఇది సంతోషించవలసిన సంగతే. అయితే గిటారు చేతికి వచ్చిన కొంత కాలానికే మరొక మాట వినిపిస్తుంది: "అయ్యగారూ, ప్రాసెసర్ కూడ ఉంటే బాగుంటుందండి."

ఒక కుటుంబం జీడిపిక్కలు అమ్మిన సొమ్ములోనుండి, లేదా ఒక యౌవనస్థుల సమాజం ఏడాది పొడుగునా కూడబెట్టిన కానుకలలోనుండి కొనవలసిన వస్తువు ఇది. గోపురం కట్టబోయేవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనే ఉపమానం మనమందరము ఎరిగినదే. ఈ చిన్న పెట్టె విషయంలో కూడ అటువంటి లెక్క అవసరమని మా తలంపు.

మూడు రకాల పెట్టెలు

గిటారు నుండి వచ్చే వైరు నేరుగా ఆంప్‌కు పోకుండ మధ్యలో ఒక పెట్టెలో నుండి పోతుంది. వాయించేవాడు కాలితో దానిని తొక్కగానే ధ్వని మారుతుంది. ప్రతిధ్వని చేరుతుంది, లేదా గరుకుదనం వస్తుంది, లేదా పెద్ద మందిరంలో వాయించినట్లు వినిపిస్తుంది. దీనినే పెడల్ అంటారు. అనేక ధ్వనులు ఒకే పెట్టెలో ఉంటే మనవారు ప్రాసెసర్ అంటున్నారు.

వీటిలో మొదటి రకం పాత పద్ధతిది. దీనిలో కంప్యూటరు వంటిది ఏమీ ఉండదు. జపాను దేశపు బాస్ కంపెనీ 1978లో తెచ్చిన డీఎస్-1 అనే నారింజ రంగు పెడల్ ఇటువంటిది. అది నేటికీ తయారవుతోంది. మూడు మీటలు, ఒక 9 వోల్టుల బ్యాటరీ, అంతే. ఏదైనా తెగితే టంకం వేయడం తెలిసిన రేడియో మెకానిక్ సరిచేయగలడు. కాని అది చేసేది ఒకే పని.

రెండవ రకంలో లోపల చిన్న కంప్యూటరు ఉంటుంది. దానికి కావలసిన సాఫ్ట్‌వేర్ అంతా ఆ పెట్టెలోనే ఉంటుంది. అదే బాస్ కంపెనీ 1983లో తెచ్చిన డీడీ-2 అనే ప్రతిధ్వని పెడల్ ఈ రకమే. దానికి ఫోను తెలియదు, ఇంటర్నెట్టు తెలియదు. కాబట్టి డిజిటల్ అన్నంత మాత్రాన భయపడనక్కరలేదు.

మూడవ రకం గురించే మనం జాగ్రత్తపడాలి. ఈ పెట్టె తన పని పూర్తిగా చేయాలంటే బయట మరొకటి ఉండాలి. ఫోనులో ఒక ఆప్, కంప్యూటరులో ఒక ప్రోగ్రాం, కంపెనీ వద్ద ఒక ఖాతా, వీటిలో ఏదో ఒకటి కావాలి. పెట్టె మన మందిరంలో ఉంటుంది గాని తాళంచెవి దూరదేశంలో ఎవరి వద్దనో ఉంటుంది.

జరిగిన ఒక సంగతి

అమెరికాలోని డిజిటెక్ కంపెనీ 2012లో ఐస్టాంప్ అనే పెడల్ తెచ్చింది. ఆలోచన చక్కనిదే. పెట్టె ఒక్కటే, దానిలోకి మనకు కావలసిన ధ్వనిని ఐఫోను లేక ఐప్యాడ్ నుండి ప్రత్యేకమైన కేబులు ద్వారా ఎక్కించుకోవచ్చు. వేరొక ధ్వని కావాలంటే ఆప్‌లోని దుకాణంలో తీసికొని, దాని స్థానంలో ఎక్కించాలి. ఎక్కించిన తరువాత ఫోను లేకుండానే అది వాయిస్తుంది.

అదే సంవత్సరం సెప్టెంబరులో ఆపిల్ కంపెనీ తన ఫోను కింది రంధ్రాన్నే మార్చివేసింది. 2017లో వచ్చిన ఐఓఎస్ 11తో పాతకాలపు 32-బిట్ ఆప్‌లు నడవడం మానివేశాయి. అదే ఏట డిజిటెక్‌కు యజమానియైన హార్మన్ సంస్థను శాంసంగ్ కొనివేసింది. 2022లో డిజిటెక్ పేరు కొరియాకు చెందిన కార్‌టెక్ చేతికి పోయింది. ఈ మార్పులలో ఏదీ గిటారు వాయించేవాని చేతిలో లేదు. పెట్టె పాడు కాలేదు, మీట విరగలేదు. అయినను దానిలో కొత్త ధ్వని ఎక్కించాలంటే పాత ఫోనును వెదకి భద్రం చేసికోవలసి వచ్చింది.

ఇటువంటిది కీబోర్డు వాయించేవారికి క్రొత్త కాదు. 1990లలో వచ్చిన అనేక కీబోర్డులు తాళగతులను ఫ్లాపీలలో దాచుకొనేవి. 2011లో సోనీ కంపెనీ ఫ్లాపీల అమ్మకం ఆపింది. కంప్యూటర్ల సంగతి కూడ అంతే. విండోస్ ఎక్స్‌పీకి 2014లో, విండోస్ 7కు 2020లో, విండోస్ 10కి 2025 అక్టోబరులో కంపెనీ సాధారణ మద్దతు ముగిసింది. ఒక మంచి పెడల్ ముప్పది, నలుబది ఏండ్లు వాయిస్తుంది. ఫోనుకు గాని, కంప్యూటరు ప్రోగ్రాంకు గాని అంత ఆయుష్షు లేదు. దీర్ఘాయువుగల దానిని అల్పాయువుగల దానికి కట్టివేయడమే ఇక్కడి చిక్కు.

అయితే కొనకూడదా?

అలాగని మేము చెప్పడం లేదు. పది ధ్వనులకు పది పెడళ్లు కొనడం మన వంటి సంఘాలకు సాధ్యమా? ఒక ప్రాసెసర్ ఆ లోటు తీరుస్తుంది. ఇయర్‌ఫోను పెట్టుకొని రాత్రి ఇంట్లో ఎవరి నిద్రా చెడకుండ అభ్యాసం చేయవచ్చు. 2016లో వచ్చిన బాస్ జీటీ-1, తరువాత వచ్చిన జూమ్ జీ1 ఫోర్ వంటివి నాలుగు పెన్సిల్ సెల్లులతో కూడ నడుస్తాయి. ఆరాధన మధ్య కరెంటు పోయే చోట ఇది చిన్న మేలు కాదు. ఈ రెండింటికీ కంప్యూటరు ప్రోగ్రాంలు ఉన్నాయి, వాటి ద్వారా మరికొన్ని ధ్వనులు చేర్చుకోవచ్చు. కాని ఆ ప్రోగ్రాం రేపు లేకపోయినా, పెట్టె మీది మీటలతోనే ధ్వనిని మార్చి దాచుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ ఇక్కడ సహాయకుడు మాత్రమే, యజమాని కాదు.

కాబట్టి విజయనగరంలోనైనా విశాఖపట్నంలోనైనా దుకాణానికి వెళ్లినప్పుడు ఒక పరీక్ష చేయండి. అమ్మేవారితో, "ఫోను, కంప్యూటరు ప్రక్కన పెట్టి చూపించండి" అనండి. వాటిని ముట్టకుండ కొత్త ధ్వని తయారుచేసి, దాచి, పెట్టెను ఆపి మరల వెలిగించమనండి. దాచినది దాచినట్లే ఉంటే నమ్మవచ్చు. "ముందు ఆప్ వేసుకోవాలి, ఖాతా తెరవాలి" అన్నారంటే, ఆ ఆప్ పోయిన తరువాత మిగిలే దానికి ఆ వెల తగునా అని ఆలోచించండి. సిగ్నలు కొరకు గట్టెక్కవలసిన గ్రామాలకు ఈ ప్రశ్న మరీ ముఖ్యం. పాతది కొనేటప్పుడు దానితో వచ్చిన కేబులు, అడాప్టరు ఉన్నవో లేవో కూడ చూచుకోండి.

కొన్న తరువాత

పెడళ్లకు వాడే 9 వోల్టుల అడాప్టర్లలో చాలావాటికి నడిమి కొన నెగటివ్. ఇంట్లోని ఇతర అడాప్టర్లు తరచుగా దీనికి విరుద్ధంగా ఉంటాయి. పిన్ను పట్టింది గదా అని పెడితే పెట్టె కాలిపోవచ్చు. అడాప్టరు మీది గుర్తును, పెట్టె మీది గుర్తును పోల్చి చూడండి.

పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్ బాగానే పనిచేస్తుంటే ఊరకే అప్‌డేట్ చేయవద్దు. మధ్యలో కరెంటు పోతే పెట్టె లేవకుండ పోయే ప్రమాదం ఉంది. తప్పనిసరియైతే పెట్టెలో కొత్త సెల్లులు, ల్యాప్‌టాప్‌లో నిండు చార్జీ ఉంచుకొని, ఆదివారానికి చాలా ముందుగా చేయండి. కంపెనీ ప్రోగ్రాంను ఒక పెన్‌డ్రైవ్‌లో దాచి, సంఘంలోని పాత ల్యాప్‌టాప్ ఒకదానిని దానికొరకే ఉంచితే మంచిది.

మీరు వాడే ధ్వనుల అంకెలను ఒక నోటు పుస్తకంలో వ్రాసి పాటల పుస్తకంతో పాటు ఉంచండి. వాయించే తమ్ముడు చదువుకో, పనికో పట్నం వెళ్లినా, తరువాత కూర్చున్న చెల్లెలు ఆ అంకెలు చూచి వాయించగలదు.

తలిదండ్రులకు ఒక మాట. పిల్లవాడు ప్రాసెసర్ అడిగితే కసరవద్దు. గిటారు తీగలు కొత్తవి వేయించారా, సుతి సరిగా ఉందా, ఆంప్ బాగున్నదా అని ముందు అడగండి. అవి సరిగా లేకపోతే ఏ పెట్టె అయినా ఆ లోపాన్నే బిగ్గరగా వినిపిస్తుంది. అవి బాగుండి, అభ్యాసం నిలకడగా ఉంటే, తన మీటలతో తాను నిలబడగల పెట్టెను కొనిపెట్టండి. ఈనాడు వాయించినవాడు పెండ్లియై, వాని పిల్లలు గాయక బృందంలో నిలిచే నాటికి కూడ అది పనికి రావాలి. సంఘపు సొమ్ముతో కొనేదానికి అంతకు తక్కువ లెక్క చాలదు.