ఈ దూడ ఎక్కడ పుట్టింది?

ప్రపంచంలో బీఫ్ ఎక్కువగా ఏ దేశాల్లో తయారవుతోందో ముఖచిత్ర కథనం కావాలన్నారు సంపాదకులు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ముందేసుకుని కూర్చున్నాను. ప్రపంచం మొత్తం మీద ఏటా 6 కోట్ల టన్నులు. 2024లో అమెరికా 1.2 కోట్ల టన్నులు దాటితే, బ్రెజిల్ దాదాపు దాని సరసకు వచ్చేసింది. ఎగుమతుల్లోనైతే బ్రెజిలే మొదటిది. పేజీలు ప్రెస్సుకు వెళ్లే గడువు దగ్గరపడుతున్నా నన్ను పట్టుకున్నది ఈ అంకెలు కావు. బ్రెజిల్‌లో పశువుల లారీ వెంట ఉండే ఒక కాగితం.

దాని పేరు ‘గియా ద ట్రాన్జితు అనిమల్’. పొట్టిగా జీటీఏ. పశువుల రవాణా పర్మిట్ అనుకోండి. ఒక ఫజెండా (పశువుల క్షేత్రం) నుంచి ఇంకో ఫజెండాకు తోలుకెళ్లాలన్నా, కబేళాకు పంపాలన్నా ఇది ఉండాల్సిందే. ఎక్కడి నుంచి బయల్దేరాయి, ఎక్కడికి వెళ్తున్నాయి, ఆడవెన్ని, మగవెన్ని, 12 నెలల లోపువెన్ని, 36 నెలలు దాటినవెన్ని అన్నీ రాయాలి. ఎందుకు తరలిస్తున్నారో కూడా చెప్పాలి: పెంపకానికా, మేపి బలిపించడానికా, కోతకా? గాలికుంటు లాంటి రోగాలు ఒక మంద నుంచి ఇంకో మందకు పాకకుండా కాపలా కాయడానికి పుట్టిన పత్రమిది. 2025 మేలో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ బ్రెజిల్‌ను టీకాలు లేకుండానే గాలికుంటు సోకని దేశంగా గుర్తించింది. అందులో ఈ కాగితం పాత్ర తక్కువేమీ కాదు.

ఇన్ని గడులున్న పత్రంలో ఇదిగో ఈ పశువే అని చెప్పే గుర్తు మాత్రం లేదు. లెక్కంతా మందదే. అమెజాన్ అడవిని నరికి అక్రమంగా బీడు చేసినవాళ్లకు దారి దొరికింది ఇక్కడే.

బ్రెజిల్‌లో దూడ పుట్టే చోటు ఒకటి, ఎదిగే చోటు ఇంకొకటి, చివర్లో బలిసే చోటు మరొకటి. పర్యావరణ సంస్థ ఇబామా నిషేధించిన నేలలో పుట్టిన దూడను, ఏ మచ్చా లేని పక్క ఫజెండాకు అమ్మేస్తారు. కొన్నాళ్లకు అక్కడి నుంచి కబేళాకు లారీ కదులుతుంది. కబేళా చేతికందేది ఆ ఆఖరి ప్రయాణపు జీటీఏ ఒక్కటే. దాని ప్రకారం పశువు సక్రమం. వెనకటి పర్మిట్లు రాష్ట్ర పశుసంవర్ధక విభాగాల కంప్యూటర్లలో ఉంటాయి, బయటివాళ్లకు చూపరు. దొంగ బంగారాన్ని కరిగించి కొత్త నగ చేయించినట్టే ఇదీ.

2009లో గ్రీన్‌పీస్ నివేదిక, పారా రాష్ట్రంలో ప్రభుత్వ న్యాయవాదుల కేసులు ఒక్కసారే వచ్చిపడటంతో జేబీఎస్, మార్ఫ్రిగ్, మినెర్వా లాంటి పెద్ద మాంసం కంపెనీలు దిగివచ్చి, అడవి నరికిన చోటి పశువులను కొనబోమని మాటిచ్చాయి. అప్పటి నుంచి తమకు నేరుగా అమ్మే ఫజెండాలను ఉపగ్రహ చిత్రాలతో సరిచూస్తున్నాయి. అది మంచి పనే, కాదనను. కానీ ఆ ఫజెండాకు దూడలు అమ్మినవాడి సంగతో? అదే పారాలోని ఒక్క సావు ఫెలిక్స్ దు షింగు మునిసిపాలిటీలోనే మనుషులు 65 వేలు, పశువులు 20 లక్షల పైన. అన్ని మూపురాల్లో ఏది ఎక్కడ పుట్టిందో కాగితం చెప్పలేదు.

మూపురాలన్నానంటే కారణముంది. బ్రెజిల్ బీఫ్ మందల్లో సింహభాగం ‘నెలోరె’, అంటే మన ఒంగోలు జాతి. 19వ శతాబ్దంలో ఓడలెక్కి నెల్లూరు పేరుతో స్థిరపడింది. 1878లో లెంగ్రూబర్ అనే పశుపోషకుడు హాంబర్గ్ జంతుప్రదర్శనశాల నుంచి ఒక జత కొన్నాడు. 1960ల తొలినాళ్లలో మళ్లీ పెద్ద దిగుమతి. అప్పుడు వెళ్లిన ‘కర్వాది’ అనే ఆబోతు పేరు ప్రకాశం జిల్లా కరవదిదే. 2023లో వియాటినా-19 అనే నెలోరె ఆవుకు 40 లక్షల డాలర్లకు పైగా విలువ కడితే మనమంతా మురిసిపోయాం. ఆ జాతి అంటే నాకూ ప్రాణమే. కానీ ఆ ఆవుకు పేరుంది, వంశావళి ఉంది. అమెజాన్ అంచున పుట్టే మామూలు నెలోరె దూడకు ఒక నంబరైనా లేదు.

బాక్స్: పట్టికలో మనం
అమెరికా, బ్రెజిల్, చైనా, యూరోపియన్ యూనియన్ తర్వాత వరస భారత్‌దే: ఏటా సుమారు 45 లక్షల టన్నులు. ఇందులో ప్రధానంగా ఉన్నది గేదె మాంసం. అమెరికా లెక్క దాన్నీ బీఫ్ కిందే వేస్తుంది. మన దేశం నుంచి ఆవు మాంసం ఎగుమతిపై నిషేధముంది. వియత్నాం, మలేసియా, ఈజిప్టులకు వెళ్లేది గేదె మాంసమే. పట్టికలో పైనున్న అమెరికాలో మాత్రం మందలు తగ్గుతున్నాయి. 2025 జనవరి 1 నాటికి 8.67 కోట్ల పశువులు, అప్పటికి 1951 తర్వాత అదే అతి తక్కువ.

ప్రతి దూడకూ నంబరివ్వడం అసాధ్యమేమీ కాదు. బ్రెజిల్ పొరుగున ఉన్న ఉరుగ్వే 2006 నుంచే ప్రతి పశువు చెవికీ ట్యాగు తప్పనిసరి చేసింది. ట్యాగులు ప్రభుత్వమే ఉచితంగా ఇచ్చింది. మన పల్లెల్లో పాడిగేదె చెవికి కూడా 12 అంకెల పసుపుపచ్చ ట్యాగు కనిపిస్తోంది. బ్రెజిల్ మాత్రం 2024 డిసెంబరులో ప్రకటించిన ప్రణాళికలో 2032 దాకా గడువు పెట్టుకుంది. 2020 తర్వాత నరికిన అడవిలో మేసిన పశువు మాంసం వద్దన్న యూరప్ చట్టం అమలు కూడా రెండుసార్లు వాయిదా పడింది. చిన్న రైతుకు ఖర్చు అన్న అభ్యంతరం న్యాయమైనదే, కానీ ఆ ఖర్చు మోయాల్సింది ప్రభుత్వం, ప్రపంచమంతా అమ్ముకుంటున్న కంపెనీలు. ఉరుగ్వే చేసి చూపించిన పనికి 2032 దాకా ఆగడం అడవికి అన్యాయం.