విడిపోబోయిన ఇంట్లోనే మొదటి క్రిస్మస్

మొదటి క్రిస్మస్ విడిపోబోయిన ఒక జంట ఇంట్లో మొదలైంది. మరియ గర్భవతి అని తెలిసి యోసేపు ఆమెను రహస్యంగా విడనాడాలనుకున్నాడు (మత్తయి 1:19). అయినా నీతిమంతుడు గనుక ఆమెను రచ్చకీడ్చలేదు. స్వస్థతకు దారి అక్కడే తెరుచుకుందని మా నమ్మకం. మన ఇళ్లలో భార్యాభర్తల గొడవ ముందు బంధువులకు, తర్వాత పెద్దమనుషులకు, ఆఖరికి సంఘమంతటికీ తెలుస్తుంది. దేవునికి మాత్రం చెప్పం!

దూత మాట విని యోసేపు నిద్రలేచి మరియను చేర్చుకున్నాడు. కష్టాలు తీరలేదు. హేరోదు భయంతో ఐగుప్తుకు పారిపోవలసి వచ్చింది, కానీ కలిసే వెళ్లారు. (దెబ్బలు తినే ఇంటికి తిరిగి వెళ్లమని ఏ సోదరికీ మేము చెప్పడం లేదు. యోసేపు మరియను కాపాడినవాడు.)

ఇంటి మీద నక్షత్రం కట్టేముందు, మాటలు మానేసిన తమ్ముడికో కోడలికో ఒక్క ఫోన్ చేద్దాం.