ఆడవాళ్ల మామూలు పరీక్షలు: పీహెచ్‌సీ డాక్టర్ సరిపోతారా? గైనకాలజిస్ట్ కావాలా?

కొడకండ్ల: ఆడవాళ్ల ఆరోగ్యం మాటొస్తే మన ఇళ్లల్లో ముందు అడిగేది ఒక్కటే, "లేడీ డాక్టర్ ఉన్నారా?" మండల కేంద్రంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మగ డాక్టర్ ఉన్నారని తెలిస్తే చాలామంది వెనక్కి తగ్గుతారు. జనగామకో వరంగల్‌కో పోదాంలే అనుకుంటారు. దానికి బస్సు ఖర్చు కావాలి, ఒక రోజు కూలీ పోవాలి, తోడు రావడానికి ఇంట్లో ఒకరికి తీరిక ఉండాలి. ఇవన్నీ కుదిరేసరికి నెలలు గడిచిపోతాయి. పరీక్ష మాత్రం కాదు.

అసలు ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోతున్నాయి. ఆడ డాక్టర్ కావాలా అన్నది ఒకటి, స్పెషలిస్ట్ కావాలా అన్నది ఇంకొకటి. ఈ రెండూ విడదీసి చూస్తే చాలా పరీక్షలు దగ్గర్లోనే అయిపోతాయి.

ఎవరు ఏ డాక్టర్?

పీహెచ్‌సీలో ఉండేది ఎంబీబీఎస్ డాక్టర్. ఎంబీబీఎస్ అయ్యాక కాన్పులు, గర్భసంచి జబ్బుల మీద మరో రెండు మూడేళ్లు చదివినవాళ్లు గైనకాలజిస్టులు. వాళ్లలో మగవాళ్లూ ఉంటారు. అలాగే లేడీ డాక్టర్లందరూ గైనకాలజిస్టులు కారు. ఊర్లో సూది వేసే ఆర్‌ఎంపీ ఈ రెండింట్లో ఏదీ కాదు.

పీహెచ్‌సీలోనే అయ్యేవి

బీపీ, షుగర్, రక్తం శాతం, థైరాయిడ్, మూత్రం పరీక్షలకు గైనకాలజిస్ట్ అక్కర్లేదు. అక్కడ చేయని రక్త పరీక్షలకు శాంపిల్ తీసుకుని జిల్లా ల్యాబ్‌కు పంపిస్తారు. గర్భిణి కానివాళ్లకు హిమోగ్లోబిన్ 12 కంటే, గర్భిణికి 11 కంటే తగ్గితే రక్తహీనత ఉన్నట్టే. దానికి మందులు కూడా అక్కడే ఇస్తారు.

30 దాటిన ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్ష ఐదేళ్లకోసారి చేయాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు చెప్తున్నాయి. ముఖద్వార పరీక్షలో పల్చటి వెనిగర్ లాంటి ద్రావణం రాసి, కాసేపాగి కంటితో చూస్తారు. కోత ఉండదు, మత్తు ఉండదు. ట్రైనింగ్ తీసుకున్న స్టాఫ్ నర్సు కూడా ఇది చేయొచ్చు. తెల్ల మచ్చ కనిపిస్తే పెద్ద దవాఖానకు పంపిస్తారు. మచ్చ కనిపించగానే క్యాన్సర్ అని భయపడొద్దు.

పర్దా సంగతి

మగ డాక్టర్ చూసేటప్పుడు పక్కన నర్సు ఉండాలని అడగడం మీ హక్కు. మీ అమ్మీనో ఆపానో తోడు తీసుకెళ్లొచ్చు. బీపీ చూడడం, రక్తం తీయడం లాంటివి చాలావరకు నర్సులు, ఏఎన్ఎంలే చేస్తారు. 2023 మార్చి 8న రాష్ట్రంలో మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమం కూడా ఇందుకే వచ్చింది. ఎంపిక చేసిన కేంద్రాల్లో మంగళవారం ఆడవాళ్ల కోసమే, ఆడ సిబ్బందితో క్లినిక్ నడపాలన్నది ఆలోచన. మనకు దగ్గర్లో ఏ కేంద్రంలో ఏ రోజు ఆడ డాక్టర్ ఉంటారో ఆశా కార్యకర్తను అడిగి బయల్దేరితే వృథాగా తిరగాల్సిన పని ఉండదు.

గైనకాలజిస్ట్ దగ్గరికి ఎప్పుడు?

బహిష్టు ఆగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనిపిస్తే, కలయిక తర్వాత రక్తం వస్తే, ప్రతి నెలా ఏడు రోజులు మించి గడ్డలు గడ్డలుగా పోతుంటే ఆలస్యం చేయొద్దు. పెళ్లయి ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే (35 దాటినవాళ్లు ఆరు నెలలకే) చూపించుకోవాలి. అప్పుడు భర్తకు కూడా పరీక్ష చేయించాలి. లోపం కోడలిదే అని ముందే తేల్చేయొద్దు.

గర్భిణులకు మామూలు చెకప్‌లు పీహెచ్‌సీలో అవుతాయి. బీపీ 140/90 చేరినా, హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గినా, షుగర్ ఉన్నా, కవలలైనా, ముందు కాన్పు ఆపరేషన్‌తో అయినా గైనకాలజిస్ట్ చూడాల్సిందే. జనగామలో చంపక్ హిల్స్ మాతాశిశు ఆస్పత్రి, వరంగల్‌లో సీకేఎం ఆస్పత్రి ఉన్నాయి. రక్తస్రావం, విపరీతమైన కడుపునొప్పి, ఫిట్స్ వస్తే ఏ డాక్టర్ అని ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి.

రొమ్ములో గడ్డ తగిలితే ముందు ఏ డాక్టర్‌కైనా ఆ వారంలోనే చూపించండి. పెళ్లి కాని అమ్మాయిలకు బహిష్టు సరిగా రాకపోతే "పెళ్లయ్యాక చూద్దాం" అనొద్దు. వాళ్లకు మామూలుగా లోపలి పరీక్ష చేయరు, పొట్ట మీద నుంచి చేసే స్కాన్, రక్త పరీక్షలతో మొదలుపెడతారు.

గర్భసంచి తీసేయాలంటే

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3 శాతం పైచిలుకు ఉంటే, తెలంగాణలో 8 శాతం పైనే. తెల్లబట్ట, నడుము నొప్పి అని పోయినవాళ్లకు ఆపరేషన్ రాసేస్తే వెంటనే ఒప్పుకోవద్దు. జబ్బు పేరేంటి, మందులతో తగ్గదా, ఆగితే ఏమవుతుంది అని అడగండి. ఆ కాగితాలు ప్రభుత్వ ఆస్పత్రిలో ఇంకో గైనకాలజిస్ట్‌కు చూపించాకే నిర్ణయం తీసుకోండి.

ఎవరి దగ్గరికి పోయినా పాత చీటీలు, రిపోర్టులు, వాడుతున్న మందులు వెంట ఉండాలి. ఆఖరుసారి బహిష్టు ఎప్పుడు వచ్చిందో తారీఖు రాసి పెట్టుకోండి. డాక్టర్ ముందు అడిగేది అదే.